సౌత్‌లాండ్ నుంచి కనిపించిన సైకిల్

ముప్పై ఆరేళ్ళకే రిటైరయ్యానంటే జనం ముందు నా ఆరోగ్యం గురించి అడుగుతారు, తరవాత మా మామగారి ఆస్తి గురించి. రెండూ మామూలుగానే ఉన్నాయి. న్యూజీలాండ్‌లో, హామిల్టన్‌లోని ఒక సామాజిక విద్యా కేంద్రంలో నేను ఆన్‌లైన్ లెర్నింగ్ కోఆర్డినేటర్‌గా ఉండేవాణ్ణి. ఒకరోజు నా కుర్చీని పక్కనున్న రెండు కుర్చీలతో కలిపి ఒకే కుర్చీ చేశారు. దాంట్లో కూర్చోవడానికి మనిషి అక్కర్లేదని కూడా తేల్చారు. కేకు కోశారు. అదే నా పదవీ విరమణ. ఇప్పుడు ఆక్లాండ్ పక్కన పాపకూర అనే ఊళ్ళో ఒక హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరైనా మేకులు అడిగితే మేకులు ఇస్తే సరిపోతుంది. ఆ మేకుతో మీ అనుభవం ఎలా ఉందో చెప్పండి అని వెనకాలే సర్వే పంపక్కర్లేదు.

ఈమధ్య ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు నా పాత పనిలోకి వస్తూ, "అన్నా, ఏ టూల్స్ నేర్చుకోవాలి?" అని ఫోన్ చేస్తున్నారు. టూల్స్ గురించి నేను చెప్పను. మీరు నేర్చుకునేలోపు అవి పేరు మార్చుకుని, రంగు మార్చుకుని, నెలకి ఇంత కట్టమంటాయి. మనుషుల గురించి చెబుతాను. వాళ్ళు అంత తొందరగా అప్‌డేట్ కారు.

ఆ పని అసలు ఏమిటి

దగ్గరున్నవాళ్ళకీ దూరంగా ఉన్నవాళ్ళకీ ఒకే చోట చదువు చెప్పడం మా కేంద్రం ఆశయం. దగ్గరంటే హామిల్టన్‌లోనే ఉన్న రోటోటూనా పేట. కొత్త ఇళ్ళు, కొత్త కార్లు, పాత పోపు వాసన. దూరమంటే దేశం అడుగున సౌత్‌లాండ్‌లో పాల ఫారాల్లో పనిచేసే కుటుంబాలు. నేను చూసుకున్న క్లాసుల్లో తెలుగులో నడిచేది ఒకటే: డ్రైవింగ్ పరీక్ష. ఇండియా లైసెన్సు ఇక్కడ కొన్నాళ్ళే చెల్లుతుంది. తరవాత మళ్ళీ పరీక్షకి కూర్చోవాల్సిందే. ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాడికి, నువ్వు బండి నడపగలవా అని అడగడం కన్నా పెద్ద అవమానం లేదు. అందుకే ఆ క్లాసుకి మనవాళ్ళు కొంచెం కోపంగా వచ్చేవారు.

నియామకం రోజున, "నువ్వు దూరాన్ని చెరిపేయాలి" అన్నారు. ఆ తరవాత కొన్నేళ్ళపాటు నేను ఎక్కువగా అన్న మాటలు రెండు. "అండీ, మీ మైకు ఆఫ్‌లో ఉంది." "అండీ, మీ మైకు ఆన్‌లో ఉంది, మీ ఇంట్లో గొడవ మాకు వినిపిస్తోంది."

మొదట క్లాసు సాయంత్రం పెట్టాను, నాకు కుదిరింది కాబట్టి. రోటోటూనా వాళ్ళు వచ్చారు. సౌత్‌లాండ్ వాళ్ళు కూడా వచ్చారు కానీ, తెల్లవారుజామునే లేచి పాలు పితికేవాళ్ళు ఆ వేళకి తల వాల్చేస్తారు. తెరమీద నోరు తెరిచి నిద్రపోతున్న మనిషికి రౌండెబౌట్ కూడలి నియమాలు చెప్పడం కూడా ఒక అనుభవమే. తరవాత పొద్దున పదింటికి మార్చాను. ఫారాల్లో పాలు పితకడం, కడగడం అయిపోయేది. రోటోటూనాలో కుక్కర్లు పొయ్యి మీదికెక్కేవి. ఆఖరి విజిల్‌తో క్లాసు ముగిసేది. ఏ టూలూ అంత ఖచ్చితంగా సమయం చెప్పలేదు.

నా తీర్పు ఇది: క్లాసుకి ఎవరూ రావడం లేదంటే ముందు పాఠాన్ని తిట్టకండి. ఆ వేళకి వాళ్ళ ఇంట్లో ఏం ఉడుకుతోందో కనుక్కోండి.

చుక్కలూ, గులాబీలూ

మా బాస్ పేరు ట్రిష్. హామిల్టన్‌లో పుట్టి పెరిగిన మనిషి, మనసు మంచిది. బిస్కెట్ల డబ్బా ఎప్పుడూ బల్లమీదే ఉంచేది, తాళం లేకుండా. ఆమెకున్న బలహీనత ఒక్కటే, కంప్యూటర్‌లో క్లాసుల లెక్క చూపే డాష్‌బోర్డు. మా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి విద్యార్థి పేరు పక్కనా ఒక చుక్క ఉండేది. ఏదైనా నొక్కినా, రాసినా, పంపినా ఆకుపచ్చ. కొన్నాళ్ళు కదలిక లేకపోతే పసుపు. ఆ తరవాత ఎరుపు. మనవాళ్ళు పొద్దున్నే రాశిఫలాలు చూసుకున్నట్టు ట్రిష్ కాఫీ పట్టుకుని ఆ చుక్కలు చూసుకునేది.

తెలుగు క్లాసు మొత్తం ఆకుపచ్చ. పచ్చటి పొలంలా ఉండేది. ట్రిష్ పెద్దల మీటింగ్‌లో మమ్మల్ని పొగిడి వచ్చి, "కిరణ్, మిగతా క్లాసులకి కూడా నీ రహస్యం చెప్పు" అంది.

రహస్యమేమిటో నాకూ తెలియదు. లోపలికి వెళ్ళి చూశాను. క్లాసు చర్చల పేజీలో పొద్దున్నే గులాబీలు. గులాబీ మీద శుభోదయం. సోమవారం శివుడు, శుక్రవారం లక్ష్మీదేవి, పండగైతే నెలవంక, డిసెంబరులో నక్షత్రం. ప్రతి గులాబీ కిందా అందరి దండాలు. సాఫ్ట్‌వేర్‌కి తెలుగూ రాదు, భక్తీ తెలియదు. ప్రతి దండాన్నీ 'విద్యార్థి స్పందన' కింద రాసుకుంది. అందరికన్నా పచ్చగా వెలుగుతున్న పెద్దమనిషి మొదటి పాఠం ఇంకా తెరవలేదు. పూల విభాగంలో మాత్రం ఆయనకి డిస్టింక్షన్ ఇవ్వచ్చు.

ట్రిష్‌కి చెప్పాను. "పొద్దున్నే లేస్తున్నారు కదా, అదీ మంచిదే" అంది. నా మాట తీసిపారేయలేదు, తను మీటింగులో అన్న మాటనీ వెనక్కి తీసుకోలేదు. బాస్ అంటే అలా ఉండాలి.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మన క్లాసులో 'అర్థమైందా' అని అడగడం దండగ. సారు అడిగితే కాలేదని అనడం మనకి మర్యాద కాదు. పేర్లు తెలియని పోల్ పెడితే నిజం చెబుతారని ట్రిష్ సలహా ఇచ్చింది. పెట్టాను. అందరూ 'అర్థమైంది' నొక్కారు. పోల్ ముగిసిన వెంటనే రోటోటూనా నుంచి సుబ్బారావుగారి ఫోన్.

"బాబూ, నేను అర్థమైందని నొక్కాను. చూశావుగా?"

"అందులో పేర్లు కనిపించవండీ."

"అందుకేగా ఫోన్ చేసి చెబుతోంది."

సుబ్బారావుగారి మొదటి పరీక్ష

సుబ్బారావుగారు తెనాలిలో బ్యాంకు మేనేజరుగా చేసి, భార్య అన్నపూర్ణగారితో కలిసి రోటోటూనాలో కూతురి దగ్గర ఉంటున్నారు. మా క్లాసులో పూల డిస్టింక్షన్ ఆయనదే. ఆయన పరీక్షకి వెళ్ళిన కథ మా కేంద్రంలో చాలాకాలం చెప్పుకున్నారు.

పరీక్షలో ఒక భాగం ఉండేది. బండి నడుపుతూనే, రోడ్డు మీద ఏయే ప్రమాదాలు రావచ్చో పక్కన కూర్చున్న ఆఫీసరుకి పైకి చెప్పాలి. బస్సు ఆగబోతోంది, కుక్క గొలుసు లేకుండా ఉంది, ఆ కారు వెనక్కి వస్తోంది, ఇలాగ. ఆఫీసరు, "ఇప్పుడు మీకేమైనా ప్రమాదాలు కనిపిస్తున్నాయా?" అని అడిగాడట. సుబ్బారావుగారు ధైర్యం చెబుతున్నట్టుగా, "ప్రమాదమేం లేదు, నేనున్నాను" అన్నారట, ఇంగ్లీషులో.

ఫెయిల్.

"ఆ కుర్రాడికి అనుభవం లేదు బాబూ" అన్నారు నాతో. "ముప్పై ఏళ్ళు నడిపాను. ఎదుటివాడు చూసుకుంటాడు."

"ఎదుటివాడు కూడా ముప్పై ఏళ్ళు నడిపినవాడైతే?" అన్నాను.

ఆయన ఆలోచనలో పడ్డారు. పోల్ అయితే 'అర్థమైంది' నొక్కేవారు.

కెమెరా లేని అమ్మాయి

ఇక అసలు మనిషి స్వరూప. నల్గొండ వైపు అమ్మాయి. భర్త నరేందర్ సౌత్‌లాండ్‌లో ఒక పాల ఫారంలో చేస్తాడు. అందరికన్నా ముందు క్లాసులో చేరేది, అందరి తరవాత వెళ్ళేది. కెమెరా ఆఫ్, మైకు ఆఫ్. నల్లటి చదరంలో తెల్లటి 'స్వ'. చుక్క మాత్రం ఎప్పుడూ ఆకుపచ్చ. గులాబీలు పంపకుండా, పాఠాలన్నీ తెరిచి సంపాదించుకున్న పచ్చదనం అది. నా ఉత్తమ విద్యార్థిని అని అనుకున్నాను.

అప్పట్లో 'నిశ్శబ్దంగా ఉన్నవారిని పేరుపెట్టి పలకరించండి' అని ఒక వర్క్‌షాపులో చెప్పారు. మరుసటి క్లాసులోనే పలకరించాను. "స్వరూపగారూ, ఈ బొమ్మలో ప్రమాదం ఏదో మీరు చెప్పండి."

'స్వ' మాయమైంది. నెట్ పోయిందేమో అనుకున్నాను. తరవాతి క్లాసుకి రాలేదు. ఆ తరవాతి దానికీ రాలేదు. చుక్క పసుపుకి తిరిగింది. ఆ వర్క్‌షాపు చెప్పినాయన మన ఆడపిల్లని, పెద్దల ముందు, ఆమె సిద్ధంగా లేనప్పుడు పలకరించి ఉండడు. ఒక చోట పనిచేసిన ఉపాయాన్ని ఇంకో చోటికి తెచ్చేముందు ఒక మనిషి మీద కాకుండా ముందు మీ మీద ప్రయోగించుకోండి.

ఫోన్ చేశాను. ఎత్తగానే ఆమె క్షమాపణ చెప్పింది. నేను చెప్పాల్సింది కూడా ఆమే చెప్పేసింది.

"సార్, మీరడిగిన బొమ్మ నాకు తెలుసు. గేటు కాడ పిల్లగాడున్నడు. నోట్లకెల్లి రాలే."

"పరవాలేదండీ. తప్పు చెప్పినా ఎవరూ ఏమీ అనరు."

"తప్పని కాదు సార్. ఒకపారి పరీక్షల గిట్లనే అయింది." వెనకాల ఎక్కడో ఆవు అరిచింది. "అన్నీ కనిపిస్తయి. తెలుగుల కనిపిస్తయి. ఇంగ్లీషుల మంచిగ జెప్దామని మాట కూర్చుకునేసరికి బండి దాటిపోతది. దాటిపోయినంక ఏం జెప్త? ఆఫీసరు పెద్దమనిషి, ఊకె మాట్లాడితే ఏమనుకుంటడో. ఒక్కటి గూడ చెప్పలే. బండి మంచిగ నడిపినవ్ గని ఫెయిల్ అన్నడు."

విషయం తెలిసింది. పక్క ఊరిలోని వృద్ధాశ్రమంలో ఆమెకి ఉద్యోగం ఖాయమైంది. పెద్దవాళ్ళని చూసుకునే పని, ఆమె కోరుకున్న పని. కానీ డ్యూటీ తెల్లవారుజామున. బస్సులు లేవు. ఆ వేళకి నరేందర్ ఆవుల దగ్గర ఉంటాడు. లైసెన్సు వస్తేనే ఉద్యోగం. అక్కడి మేనేజరు కొత్త రోస్టరు, అంటే డ్యూటీల పట్టిక, వేసేదాకా ఆగుతానంది. అది దాటితే ఇంకొకరిని తీసుకుంటుంది. అప్పటికి ఆమె ఆ ఫారానికి వచ్చి చాలాకాలమైంది. నరేందర్ తప్ప, తెరమీది మేము తప్ప, ఆమె తెలుగులో మాట్లాడిన మనిషి లేడు. మాతో కూడా మాట్లాడలేదనుకోండి, విన్నది.

"ఫారంల నాలుగు చక్రాల క్వాడ్ బైక్ నడుపుత, యూట్ ట్రక్కు నడుపుత. గేటు దాటి ఒక్కదాన్నే పోనీకి లేదు సార్" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. వాతావరణం చెబుతున్నట్టుంది.

ఆంటీకి మ్యూట్ బటన్ లేదు

ఏం చేయాలో నాకు తోచలేదు. తోచినట్టు ఈ కథ చెప్పచ్చు కానీ, అన్నపూర్ణగారు అప్పుడు అక్కడే ఉన్నారు, ఇది చదువుతారు.

జరిగింది ఇది. క్లాసుకి చూపించడానికి సుబ్బారావుగారి ప్రాక్టీసు డ్రైవ్‌ని లైవ్‌లో పెడదామనుకున్నాను. ఫోన్‌ని కారు అద్దానికి తగిలిస్తాం, రోడ్డు అందరికీ కనిపిస్తుంది, ఎవరికి ఏ ప్రమాదం కనిపిస్తే వాళ్ళు చెప్పాలి. ట్రిష్‌ని అడిగితే ఒకటే షరతు పెట్టింది: నడిపేవాడికి ఎవరి గొంతూ వినపడకూడదు. ఫోన్ శబ్దం తీసేసి, నేను పక్క సీట్లో ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. స్వరూపని ఒక్కటే అడిగాను. "మాట్లాడక్కర్లేదు. ఊరికే చూడండి." వచ్చింది. నల్ల చదరం, తెల్ల 'స్వ'.

అన్నీ చూసుకున్నామనుకున్నాం. బయల్దేరేటప్పుడు అన్నపూర్ణగారు సంచి పట్టుకుని వచ్చి వెనక కూర్చున్నారు.

"ఎలాగూ వెళుతున్నారుగా, కొత్తిమీర తెచ్చుకుందాం."

సందు చివరికి వెళ్ళామో లేదో మొదలైంది.

"చెత్త డబ్బా. చెత్త డబ్బా. ఆ తెల్లకారు వెనక్కొస్తోంది. వస్తోందండీ. ఆ పిల్లాడి చేతిలో బంతి. బంతి, బంతి. బస్సు ఆగింది, ఇప్పుడు ఎవరో దిగుతారు, చూడండి, దిగారు."

"అన్నపూర్ణా, నువ్వు కాస్త ఊరుకో. క్లాసు జరుగుతోంది" అన్నారు సుబ్బారావుగారు.

"క్లాసు జరిగితే బస్సు ఆగిపోతుందా?"

నా చెవిలో ఎప్పటిలాగే క్లాసు నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో కుక్కర్ విజిల్. తరవాత ఒక నవ్వు. ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన నవ్వు. తెర చూసుకుంటే 'స్వ' పక్కన మైకు గుర్తు వెలుగుతోంది. పొరపాటున ఆన్ అయిందేమో, నేనేమీ అనలేదు. ఒకసారి పలకరించి పోగొట్టుకున్నాను.

రౌండెబౌట్ దగ్గరికి వస్తున్నాం. అన్నపూర్ణగారు కుడివైపు చూస్తూ, "నీలం కారు, నీలం కారు" అంటున్నారు. అప్పుడు నా చెవిలో:

"సైకిల్. ఎడమ దిక్కు. సార్, అంకుల్‌కి చెప్పుండ్రి, సైకిల్."

"సైకిల్, ఎడమవైపు" అన్నాను. సుబ్బారావుగారు బ్రేకు వేశారు. ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపుతూ దాటి వెళ్ళాడు. మేము ముగ్గురం కారులోనే ఉన్నాం, ఒక్కరమూ చూడలేదు.

"నీకెలా తెలిసిందయ్యా?" అన్నారు ఆయన.

"నేను కాదండీ. సౌత్‌లాండ్ నుంచి ఒకమ్మాయి చెప్పింది."

"సౌత్‌లాండ్ నుంచి మన సైకిల్ కనపడిందా?"

"మీకిక్కడ నుంచి కనపళ్ళేదుగా" అన్నారు అన్నపూర్ణగారు.

కారు ఆపి స్పీకర్ పెట్టాక ఆవిడ నా ఫోన్ తీసుకుని, మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుని, "ఎవరమ్మా నువ్వు? బంగారు తల్లివి" అన్నారు. అవతల కెమెరా ఆన్ అయింది. బిగుతుగా వేసిన జడ, ఫారం జాకెట్టు, వెనక కిటికీలోంచి పచ్చిక. స్వరూప మొహం నేను చూడడం అదే మొదలు.

"ఆంటీ, మీరు మస్తు చెప్తున్నరు" అంది. "నాకైతే గట్ల రాదు. ఆఫీసరు పక్కన ఉంటే భయం."

"ఆయన్ని చూసి భయమెందుకు? కారెక్కాక పెద్దా చిన్నా ఉండదమ్మా. గుద్దితే అందరం ఒకటే." సుబ్బారావుగారి వైపు చూసి గొంతేమీ తగ్గించకుండా అన్నారు. "ఈయన మేనేజరుగా ఉన్నప్పుడు ఆఫీసంతా నోరెత్తేది కాదు. నేను కారులో ఎత్తేదాన్ని. అందుకే ఇవాళ మీ ముందున్నాం."

మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న విద్య ఇది. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు రోడ్డంతా చదివి వినిపిస్తారు. మనం దాన్ని సణుగుడు అంటాం. ఈ దేశంలో దానికి మార్కులున్నాయని ఎవరికీ తట్టలేదు.

వెనక సీటు క్లాసు

ఆ తరవాత పాఠాలు పక్కన పెట్టాను. రోటోటూనా నుంచి ఎవరో ఒకరు బండి తీసేవారు, స్వరూప సౌత్‌లాండ్‌లో సోఫా మీద కూర్చుని చెప్పేది. మొదట తెలుగులో. మెల్లగా ఇంకొందరు నోరు తెరిచారు. కొన్ని రోజులకి అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. నిశ్శబ్దాన్ని పోగొట్టడం ఎలాగో వర్క్‌షాపులో చెప్పారు, అల్లరిని ఆపడం ఎలాగో చెప్పలేదు.

తరవాత వంతు మార్చాం. నరేందర్ పక్కన కూర్చుని యూట్ అద్దానికి ఫోన్ తగిలించేవాడు. స్వరూప నడుపుతూ పైకి చెప్పేది. ఇక్కడ రోటోటూనాలో అన్నపూర్ణగారు బీరకాయ చెక్కు తీస్తూ వినేవారు. ఆవిడ గొంతు నడిపేవాళ్ళకి వినపడదు కాబట్టి మొదటిసారిగా ఆవిడ ఓపిక పట్టాల్సి వచ్చింది. బండి ఆగగానే మొత్తం ఒకేసారి అప్పజెప్పేవారు.

"ఆ గొర్రె గురించి చెప్పలేదేం?"

"అది కంచె లోపట ఉంది ఆంటీ."

"ఉంటే? అది లోపలున్నట్టు దానికి తెలుసా?"

తరవాతి డ్రైవ్‌లో స్వరూప గొర్రెలన్నీ చెప్పింది.

ఇంగ్లీషు సంగతి ట్రిష్ చూసుకుంది. భోజనాల వేళ బిస్కెట్ల డబ్బాతో తెరముందు కూర్చుని ఆఫీసరు వేషం వేసేది. మొదటిసారి స్వరూప పద్ధతిగా వాక్యం కూర్చుతుంటే ఆపింది. "వ్యాసం వద్దు. ఏమిటి, ఎక్కడ. అంతే చాలు. వానలో గొడుగు మర్చిపోయినవాడిని పిలిచినట్టు చెప్పు." తను తెలుగు క్లాసుకి ఎందుకు కూర్చుందని ఎవరైనా అడిగితే, డాష్‌బోర్డు బాగుపడుతుందని చెప్పేది. తనకి ఆ చుక్కల్లో పేరే లేదు. బాస్‌లని నేను చాలామందిని తిట్టుకున్నాను. ఈమెని తిట్టుకోవడానికి నాకు చుక్కలొక్కటే దొరికాయి.

మొదట్లో స్వరూప, "బస్... లెఫ్ట్ సార్" అనేది. ట్రిష్‌ని కూడా సారే. రెండు వారాలకల్లా ఆ సారు ఊడిపోయింది. అది ఊడిన రోజున నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

గులాబీ లేని పొద్దు

స్వరూప పరీక్ష సౌత్‌లాండ్‌లోని పెద్ద ఊరు ఇన్వర్‌కార్గిల్‌లో. కొత్త రోస్టరు వేసే వారంలోనే తేదీ దొరికింది. అంటే ఇది పోతే ఇంకొకటి లేదు. ఆ ఉద్యోగానికి సంబంధించినంత వరకూ.

ఆరోజు పొద్దున చర్చల పేజీ తెరిస్తే ఒక్క గులాబీ కూడా లేదు. శివుడు కూడా లేడు. నేను కంగారుపడ్డాను. తర్వాత చూస్తే సుబ్బారావుగారి సందేశం కనిపించింది: "అందరికీ మనవి. ఇవాళ ఎవరూ శుభోదయాలు పెట్టకండి. ఆ అమ్మాయి ఫోన్ మోగితే పరీక్షలో ఇబ్బంది." దాని కింద క్లాసు క్లాసంతా వరుసగా, "అలాగేనండీ", దండం. "తప్పకుండా సర్", రెండు దండాలు. "మంచి ఆలోచన", మూడు దండాలు. ఆ పొద్దున స్వరూప ఫోన్ మోగినంతగా ఏ పండక్కీ మోగి ఉండదు. చుక్కలన్నీ మహా పచ్చగా ఉన్నాయి.

పదిన్నర దాటింది. క్లాసు తెరిచి కూర్చున్నాం కానీ ఎవరూ పాఠం అడగలేదు. అన్నపూర్ణగారి తెరలో ఒలిచిన బీరకాయని ఆవిడ మళ్ళీ ఒలుస్తున్నారు. సుబ్బారావుగారు, "మంచు పడుతుందట అక్కడ" అన్నారు. "రోడ్డు జారుతుంది." ప్రమాదాన్ని ఆయన ముందుగా చెప్పడం నేను విన్నది అప్పుడే.

నా ఫోన్ మోగింది.

"కిరణన్నా."

నేను ఆమెకి అప్పటిదాకా సార్‌ని. ఇంక ఫలితం అడగక్కర్లేదు, కానీ అడిగాను. ఉద్యోగధర్మం.

"పాసైన. కాని ఒక తప్పు చేసిన్నేమో అన్నా."

"ఏమైంది?"

"బండి ఆపినంక ఆఫీసరు, అయిపోయింది, ఇగ చెప్పుడు ఆపొచ్చు అన్నడు. అని డోర్ తీస్తుండు. ఫుట్‌పాత్ మీద చిన్నపిల్లగాడు కాలుతోని తోసే స్కూటర్ మీద ఉరికొస్తుండు. 'ఆగు, స్కూటర్, లెఫ్ట్' అని గట్టిగ ఒర్లిన. పెద్దమనిషి మీద ఒర్లిన అన్నా."

"ఆయనేమన్నాడు?"

"డోర్ మూసుకున్నడు. పిల్లగాడు పోయేదాంక తియ్యలే. మల్ల సంతకం పెట్టిండు."

నేను స్పీకర్ ఆన్ చేశాను. క్లాసంతా ఒకేసారి మాట్లాడింది, ఎవరి మాటా వినపడలేదు, విజిళ్ళు మాత్రం వినపడ్డాయి. అన్నపూర్ణగారు ఒక్కరే తీరిగ్గా అన్నారు: "తప్పేం కాదమ్మా. గుద్దితే అందరం ఒకటే అన్నానుగా."

తరవాత నెలలో సుబ్బారావుగారు కూడా పాసయ్యారు. ప్రమాదాలు ఎలా చెప్పారని అడిగితే, "కళ్ళు మూసుకుని అన్నపూర్ణ ఏమంటుందో అదే అన్నాను" అన్నారు. కళ్ళు మూసుకున్న మాట ఆఫీసరుకి చెప్పవద్దని ప్రార్థించాను. ఇప్పుడు అన్నపూర్ణగారే నేర్చుకుంటున్నారు. ఆయన వెనక కూర్చుంటారు. మ్యూట్‌లో.

ఎరుపు

స్వరూప క్లాసుకి రావడం మానేసింది. చుక్క పసుపైంది, తరవాత ఎరుపైంది. పచ్చటి పొలంలో ఒకే ఒక్క ఎర్ర చుక్క. ట్రిష్ కాఫీ పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది.

"మన సౌత్‌లాండ్ తారకి ఏమైంది?"

"ఈ వేళకి డ్యూటీలో ఉంటుంది. వారానికి ఐదు రోజులట."

"అది రిపోర్టులో ఎలా చూపించాలి?"

"చూపించలేం. నేర్చుకోవడం అయిపోయినవాళ్ళకి ఇందులో రంగు లేదు."

సాఫ్ట్‌వేర్ కూడా ఊరుకోలేదు. 'క్రియాశీలంగా లేనివారిని తొలగించి మీ శాతం పెంచుకోండి' అని ఒక బటన్ చూపిస్తోంది. ట్రిష్ ఆ బటన్ వైపు చూసింది. చుక్కలంటే ఆమెకున్న ప్రేమ నాకు తెలుసు.

"ఉండనీ" అంది. బిస్కెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఎరుపు చుక్కల వాళ్ళకి మా సాఫ్ట్‌వేర్ తనంతట తనే ఒక మెసేజ్ పంపుతుంది. నేను నేర్పలేదు, ఆపడమూ చేతకాలేదు. ఆ మధ్యాహ్నం స్వరూపకి కూడా పంపింది: 'స్వరూపా, నువ్వు లేక వెలితిగా ఉంది. మళ్ళీ ఎప్పుడు వస్తావు?' ఇంత ఆపేక్షగా నేనెప్పుడూ ఎవరికీ రాయలేదు.

జవాబు ఆ క్షణంలోనే వచ్చింది. రాసింది ఆమె కాదు, ఆమె ఫోన్. 'ప్రస్తుతం డ్రైవింగ్‌లో ఉన్నాను. తర్వాత మాట్లాడతాను.'

ఆ జవాబుని మా సాఫ్ట్‌వేర్ విద్యార్థి స్పందన కింద రాసుకుంది. నేను చూస్తుండగానే చుక్క పచ్చబడింది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ డాష్‌బోర్డు ఒక్కసారి నిజం చెప్పింది, అదీ పొరపాటున.